ప్యూర్ డేటాలో ఆబియో ఎక్కట్లేదు. తప్పెటగుళ్ళకి లైట్లు కొట్టించాలి, తొమ్మిది రోజులే ఉంది

#1 పర్లా_పిల్లోడు
మూడు రాత్రులయింది, బుర్ర పనిచెయ్యట్లేదు. మాది పర్లాకిమిడి. మా వీధి అమ్మవారి పండక్కి పాతపట్నం అవతల నుంచి తప్పెటగుళ్ళ జట్టు వస్తోంది, పద్నాలుగు మంది. వీధి మొదట్లో కట్టే ఆర్చీకి 300 ఎల్‌ఈడీల పట్టీ కొన్నాం. తప్పెట మీద దెబ్బ పడితే లైటు వెలగాలి, అంతే కోరిక.

పోయినేడు అద్దెకి లైట్లవాణ్ణి పెట్టాం. వాడి పెట్టె దాని మానాన అది తిరిగింది. దెబ్బ ఒకచోట, వెలుగు ఒకచోట. జట్టు గురువుగారు దిగిపోతూ మా నాన్నతో అన్న మాట: "లైట్లు బాగానే ఆడాయి బాబూ, మా పాటకి కాదనుకో." ఆ మాట ఇంకా ఇంట్లో నడుస్తోంది. అందుకే ఈసారి నేను చేస్తానని నోరు జారాను.

ప్యూర్ డేటా (పీడీ అంటారు, పెట్టెలూ గీతలూ కలిపి శబ్దాన్ని నడిపే ప్రోగ్రామ్) దింపుకున్నా, 64 బిట్‌ది. ఫైండ్ ఎక్స్‌టర్నల్స్‌లో ఆబియో (శబ్దంలో దెబ్బ, టెంపో పట్టే లైబ్రరీ) అని వెతికి ఇన్‌స్టాల్ నొక్కా, అయిపోయిందన్నాడు. తీరా ఆబియోటెంపో~ అని టైపు చేస్తే పెట్టె చుట్టూ చుక్కల గీత, కన్సోల్‌లో "కుడ్‌న్ట్ క్రియేట్". తీసి మళ్ళీ వేశా, ల్యాప్‌టాప్ ఆపి పెట్టా. అదే గీత. ఎవరైనా చేసినవాళ్ళుంటే చెప్పండి.

#2 ఇచ్ఛాపురం_లోకల్
300 ఎల్‌ఈడీలా. ముందు పండగ రోజు మీ వీధిలో కరెంటు ఉంటాదేటి?

#3 నల్లపెంగ్విన్
ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లిస్టులో ఏ లైను నొక్కావు? పేరు చివర మూడు ముక్కలుంటాయి: సిస్టమ్, ప్రాసెసర్, ఒక అంకె. అవి ఉన్నవి ఉన్నట్టు టైపు చెయ్యి.

#4 పర్లా_పిల్లోడు
విండోస్-ఐ386-32. ఇంకోటి విండోస్-ఏఎమ్‌డి64-32 అని ఉంది. నాది ఇంటెల్ కదా, ఏఎమ్‌డి నాకెందుకని వదిలేశా. ఎలాగూ రెండింటికీ చివర 32 ఉంది, ఏదైనా ఒకటేలే అనుకున్నా.

#5 నల్లపెంగ్విన్
ఇక్కడికొచ్చే వాళ్ళలో సగం మంది పడే గోతిలోనే పడ్డావు, సిగ్గుపడక్కర్లేదు.

ఏఎమ్‌డి64 అంటే ఏఎమ్‌డి కంపెనీ చిప్పు అని కాదు. ఇప్పటి 64 బిట్ పద్ధతిని ముందు తెచ్చింది వాళ్ళు, అందుకని పేరు అలా నిలిచిపోయింది. నీ ఇంటెల్ కూడా ఆ జాతే. చివరి 32 ఉందే, అది విండోస్ ఎన్ని బిట్లో చెప్పదు. పీడీ లోపల ఒక్కో సంఖ్యని ఎన్ని బిట్లలో దాస్తుందో చెబుతుంది. మామూలు పీడీ 32 బిట్ ఫ్లోట్ వాడుతుంది, కాబట్టి 64 బిట్ పీడీకి కావల్సింది ఏఎమ్‌డి64-32 అన్నదే. నువ్వు వేసింది పాత 32 బిట్ పీడీకి.

ముందు ఆ ఐ386 ఫోల్డర్ తీసెయ్. తర్వాత డెకెన్ (నువ్వు ఆబియో వెతికిన ఆ కిటికీయే) సెట్టింగుల్లో వేరే ఆర్కిటెక్చర్లు దాచెయ్ అని ఒక టిక్కు ఉంటుంది, పెట్టుకో. నీకు పనికిరానివి లిస్టులోనే కనబడవు. టిక్కు లేకపోయినా అవి వెలిసిపోయిన రంగులో ఉంటాయి, చూసుకోవాలి.

#6 ఇచ్ఛాపురం_లోకల్
మా బావ కూడా ఇంతే, ఏఎమ్‌డి అని రాసుంటే మా ఇంట్లో ఆ కంపెనీది లేదని గేమ్ వెనక్కిచ్చేశాడు.

#7 పర్లా_పిల్లోడు
ఏఎమ్‌డి64ది వేశా. ఇంకా చుక్కల గీతే.

#8 గున్పూర్_మాస్టారు
ఆబియో ఒక్కో ఆబ్జెక్టుకి ఒక్కో ఫైలుగా రాదు తమ్ముడూ. ఆన్సెట్, టెంపో, పిచ్ అన్నీ ఒకే లైబ్రరీ ఫైలులో ఉంటాయి. నువ్వు ఆబియోటెంపో~ అని టైపు చేస్తే పీడీ ఆ పేరుతో ఫైలు వెతుకుతుంది, దొరకదు. ముందు ఆ లైబ్రరీని మొత్తంగా ఎక్కించమని చెప్పాలి. ప్యాచ్‌లో ఒక ఆబ్జెక్టు పెట్టు: డిక్లేర్, ఖాళీ, మైనస్ లిబ్, ఖాళీ, ఆబియో. పెట్టాక ప్యాచ్ సేవ్ చేసి, మూసి, మళ్ళీ తెరువు. ముందే చుక్కల గీత పడ్డ పెట్టె దానంతట అది బాగుపడదు, ప్యాచ్ మళ్ళీ తెరిస్తే కొత్తగా పుడుతుంది. పాత పెట్టె మొహం చూస్తూ కూర్చుంటే ఏమీ జరగదు.

#9 పర్లా_పిల్లోడు
వచ్చిందిిిి!! గట్టి గీత పడింది! మాస్టారూ మీరు పర్లాకిమిడి వస్తే టిఫిన్ నాది.

#10 పర్లా_పిల్లోడు
తొందరపడ్డా. ఏడీసీ~ (మైకు శబ్దం లోపలికొచ్చే పెట్టె) నుంచి సున్నాలే వస్తున్నాయి. మైకు వేరే చోట పనిచేస్తోంది.

#11 సిల్కువీధి
పీడీలో డీఎస్పీ (శబ్దం నడిపే స్విచ్చు) టిక్కు పెట్టావా? పెట్టుంటే విండోస్ ప్రైవసీలో మైక్రోఫోన్ అనుమతి చూడు. తర్వాత సౌండ్ సెట్టింగుల్లో మైకు ప్రాపర్టీస్‌లో ఎన్‌హాన్స్‌మెంట్లు, నాయిస్ సప్రెషన్ లాంటివి అన్నీ పీకెయ్. వాటి దృష్టిలో మనిషి గొంతు తప్ప మిగతాదంతా చెత్త. నువ్వు బల్ల మీద గట్టిగా కొట్టిచూడు, మొదటి దెబ్బ వస్తుంది, తర్వాతివి నలిపేస్తుంది.

#12 ప్రాణహిత_ఒడ్డు
సిరొంచ నుంచి. గింత దానికి కంప్యూటర్ ఎందుకన్నా? ఆర్డినో (లైట్లు, సెన్సార్లు నడిపే చిన్న బోర్డు) సామాన్లు అమ్మే దగ్గర సౌండ్ సెన్సార్ అని చిన్న బిళ్ళ దొరుకుతది, మీద నీలం స్క్రూ ఉంటది. చప్పుడు అయితే ఒక పిన్నుకు సిగ్నల్ ఇస్తది. స్క్రూ తిప్పుకుంట సెట్ చేసుకునుడే. మా దగ్గర డప్పుకు నేను గదే పెట్టిన.

#13 నల్లపెంగ్విన్
12వ పోస్టు: ఒక్క డప్పుకి సరే అన్నా. పండగ వీధిలో ఆ బిళ్ళ జనరేటర్‌కీ వెలుగుతుంది, ఆటో హారన్‌కీ వెలుగుతుంది, సమోసాలవాడి కేకకీ వెలుగుతుంది.

#14 ప్రాణహిత_ఒడ్డు
మా దగ్గర గూడ వెలిగింది. పిల్లగాండ్లకు గదే నచ్చింది 😀

#15 పర్లా_పిల్లోడు
మైకు అనుమతే కారణం, సరిపోయింది. నిన్న జట్టు వాళ్ళు మా ఊళ్ళో ప్రాక్టీసుకొస్తే ఫోన్లో రికార్డు చేసుకున్నా. దాన్ని వేసి ఆబియోటెంపో~ (బీటు పడ్డప్పుడల్లా బ్యాంగ్ అనే సైగ పంపుతుంది) బ్యాంగ్‌కీ బ్యాంగ్‌కీ మధ్య టైమర్ పెట్టి 60000ని భాగించి నిమిషానికెన్ని బీట్లో చూస్తున్నా. 72, 72, 144, 71, 108, 144, మళ్ళీ 72. పాట మారలేదు, వాళ్ళూ మారలేదు. అంకెలే తైతక్కలాడుతున్నాయి. లైబ్రరీ పాడైందా?

#16 గున్పూర్_మాస్టారు
పాడవలేదు. టెంపో వెతికే పద్ధతి ఎలా ఉంటుందంటే, వచ్చిన శబ్దంలో దెబ్బల బలాన్ని ఒక గీతగా గీసుకుని, ఆ గీతని దాని మీదే జరిపి చూస్తుంది. ఎంత జరిపితే మళ్ళీ తనతో తను కలుస్తుందో అదే బీటు అనుకుంటుంది. చిక్కేమిటంటే 72కి కలిసేది 144కీ కలుస్తుంది. మనిషికి కూడా ఈ తికమక ఉంటుంది, ఒకరు చేత్తో నెమ్మదిగా తాళం వేస్తారు, పక్కవాడు రెట్టింపు వేస్తాడు, ఇద్దరిదీ తప్పు కాదు. ఇక నీ 108 అంటే 72కి ఒకటిన్నర రెట్లు, అంటే మూడు దెబ్బల గుంపులు ఎక్కడో ఉన్నాయి.

#17 జముకుల_మనవరాలు
రాయగడ నుంచి. మా తాతగారు జముకుల కథ చెప్పేవారు, నేను ప్రోగ్రామింగ్ నేర్చుకున్నది తర్వాత, తాళం ముందు. అందుకని ఒక మాట.

తప్పెటగుళ్ళలో కాలం ఒకేలా ఉండదు. గురువు పాట ఎత్తుకున్నప్పుడు ఒక నడక, జట్టు అందుకునేటప్పటికి కాస్త జోరు, గుండ్రంగా తిరిగేటప్పుడు రెట్టింపు, మధ్యలో ఠక్కున ఆపి ఒక్క గజ్జెల చప్పుడు. టెంపో లైబ్రరీలు ఎక్కువగా నిలకడగా సాగే డ్రమ్ముల పాటలకి బాగా కుదురుతాయి. కొన్ని క్షణాల వెనకటి సంగతి చూసి ముందుకి ఊహిస్తాయి. మనవాళ్ళు ఊహకి లొంగేలోపే కాలం మార్చేస్తారు. నీకసలు కావల్సింది బీటు కాదు తమ్ముడూ, దెబ్బ. "నిమిషానికి ఎన్ని" అన్నది వదిలేసి "ఇప్పుడు పడిందా లేదా" అన్నది పట్టుకో. దెబ్బ పడగానే చెప్పే బాంక్~ పీడీతోనే వస్తుంది, అది చాలు. ఏ డెకెనూ అక్కర్లేదు.

#18 పర్లా_పిల్లోడు
అంటే మూడు రాత్రులు ఐ386తో కొట్టుకున్నది దేనికి.

#19 ఇచ్ఛాపురం_లోకల్
అనుభవానికి.

#20 సిల్కువీధి
17వ పోస్టుతో సగమే ఒప్పుకుంటా. మాది బరంపురం, రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్రకి పులివేషాల వెనక లైట్లు వేస్తుంటా. దెబ్బని పట్టి వెలిగిస్తే వెలుగు ఎప్పుడూ దెబ్బ వెనకే. మైకు, బఫరు, లెక్క, వైరు, అన్నీ కలిపి ఎంతో కొంత ఆలస్యం తప్పదు. టెంపో పట్టే లైబ్రరీ అయితే రాబోయే బీటు ఎప్పుడో ముందే అంచనా వేస్తుంది, నువ్వు ఆ ఆలస్యాన్ని తీసేసి సరిగ్గా దెబ్బ మీదే వెలిగించొచ్చు. పులివేషం డోలు ఒకసారి ఊపందుకుంటే చాలాసేపు అదే నడక. నాకు టెంపోయే పనికొచ్చింది.

#21 జముకుల_మనవరాలు
మీ డోలు నడకకి నిజమే. కానీ ఊహ తప్పితే? దెబ్బ వెనక పడ్డ వెలుగుని జనం క్షమిస్తారు. దెబ్బే లేని చోట వెలిగిందనుకోండి, ఆ గురువుగారు పోయినేడు అన్న మాటే మళ్ళీ అంటారు.

#22 గున్పూర్_మాస్టారు
ఆలస్యం ఆలస్యం అంటున్నారు గనక లెక్క చూద్దాం. 44100 శాంపిళ్ళ దగ్గర పీడీ బ్లాకు 64 అంటే సుమారు ఒకటిన్నర మిల్లీసెకను. బాంక్~ మామూలుగా చూసే కిటికీ 256 శాంపిళ్ళు, అంటే దాదాపు 6 మిల్లీసెకన్లు. టెంపో కోసం 512 చొప్పున జరుపుకుంటూ పోతే ఒక్కో అడుగు 11.6. ఇవన్నీ చిన్నవే. పెద్ద దొంగ విండోస్ ఆడియో. పీడీ ఆడియో సెట్టింగుల్లో డిలే అన్న గడిలో ఎంత ఉందో చూడు, అక్కడ వంద ఉంటే మిగతా ఆదా అంతా బూడిదే. ఆసియో4ఆల్ (ఆలస్యం తగ్గించే ఆడియో డ్రైవరు) వేసుకుని 20కి దింపు, చిటపటలు వస్తే కాస్త పెంచు.

ఇంకో దొంగని ఎవరూ లెక్కేయరు. గాలి. శబ్దం సెకనుకి 340 మీటర్లు. మైకు జట్టుకి పది మీటర్ల దూరంలో పెట్టావంటే అక్కడే 29 మిల్లీసెకన్లు పోయాయి. నువ్వు పీడీలో ఎంత గింజుకున్నా అంత మిగల్చలేవు. మైకు దగ్గర పెట్టు.

#23 నల్లపెంగ్విన్
లేదా లైనక్స్‌కి రా. డెబియన్‌లో పిడి-ఆబియో అని ప్యాకేజీయే ఉంది, ఒక్క లైను కొడితే వచ్చేస్తుంది, జాక్ (లైనక్స్ ఆడియో వ్యవస్థ) మీద డిలే గొడవా తక్కువ.

#24 ఇచ్ఛాపురం_లోకల్
లైనక్స్ మాట ఎత్తడానికి 23వ పోస్టు దాకా ఆగావంటే మారిపోయావు గురూ.

#25 వెండితెర_వినోద్
నేను ఇదే పని టచ్‌డిజైనర్‌లో (బొమ్మలు, లైట్లు ఆడించే ఇంకో ప్రోగ్రామ్) చేద్దామని బీట్ చాప్ అనే ముక్క పెట్టాను. ఎంత కొట్టినా దాని లెక్కలో అదే పోతోంది. పీడీ అయితే వింటుందా?

#26 సిల్కువీధి
బీట్ చాప్ వినదు భాయ్, అది గడియారం. టెంపో నువ్వు చెబితే దాని ప్రకారం టిక్కుటిక్కంటుంది. వినేదానికి ప్యాలెట్‌లో ఆడియో అనాలిసిస్ అని వేరే ఉంది. పేరు చూసి అందరూ మోసపోయేదే. ఉచితంగా వచ్చే వెర్షన్‌లో బొమ్మ 1280 బై 1280 దాటదు, ఎల్‌ఈడీలకైతే ఆ హద్దు పట్టించుకోనక్కర్లేదు.

#27 పర్లా_పిల్లోడు
బాంక్~ పెట్టా. ఆసియో4ఆల్ కూడా. దెబ్బకి స్పందన అదిరింది, బల్ల మీద వేలితో కొడితే వేలు లేచేలోపు బ్యాంగ్ వస్తోంది.

కానీ నిన్న సాయంత్రం మళ్ళీ వాళ్ళ ప్రాక్టీసుకి ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళా. రెండు కొత్త కష్టాలు. ఒకటి, పద్నాలుగు మంది ఒకే దెబ్బ కొడతారు గానీ అచ్చంగా ఒకే క్షణంలో కాదుగా. ఒక దెబ్బకి నాలుగైదు బ్యాంగులు. రెండు, గజ్జెలు. మనిషికి రెండు కాళ్ళకీ గజ్జెలు, అడుగేస్తే చాలు బాంక్~ అరుస్తోంది. మధ్యలో తప్పెట ఆపి వట్టి అడుగులు వేసే చోట నా లైట్లు పిచ్చెక్కినట్టు కొట్టుకుంటున్నాయి.

#28 జముకుల_మనవరాలు
మొదటిదానికి: బాంక్~ నుంచి బ్యాంగ్ రాగానే దారికి గేటులాంటి స్పిగాట్‌ని మూసి, డిలే 90 పెట్టి, 90 మిల్లీసెకన్ల తర్వాత తెరువు. ఆ లోపు వచ్చినవన్నీ ఒకే దెబ్బలో భాగం. వాళ్ళు ఎంత జోరుగా కొట్టినా నీ రికార్డింగులో దెబ్బకీ దెబ్బకీ మధ్య అతి తక్కువ ఎంత ఉందో కొలిచి, దానికంటే కాస్త తక్కువ పెట్టుకో. మరీ పెంచితే రెట్టింపు కాలంలో దెబ్బలు మింగేస్తుంది. బాంక్~లో మిన్‌వెల్ అని కూడా ఉంది, మామూలుగా 7. పెంచితే మెత్తని దెబ్బలు వదిలేస్తుంది.

రెండోదానికి మాస్టారు చెప్పాలి.

#29 సిల్కువీధి
గజ్జెలు పైస్థాయి శబ్దం. బాంక్~ ముందు లోప్~ 800 (800 హెర్ట్జ్ పైన శబ్దాన్ని తగ్గించే ఫిల్టరు) పెట్టి కోసెయ్.

#30 పర్లా_పిల్లోడు
లోప్~ చూశానన్నా. తప్పెట తోలుది కాదుగా, రేకు. అదీ గణగణమంటుంది. 800 దగ్గర కోస్తే గజ్జెలతో పాటు తప్పెటా చచ్చిపోతోంది.

#31 గున్పూర్_మాస్టారు
అయితే ఫిల్టరు కాదు, మైకు ఉండే చోటు మార్చు. తప్పెట ఎక్కడుంటుంది? గుండె మీద. గజ్జెలు? కాలి మడమ దగ్గర. ఒక్క గురువుగారికి కాలర్ మైకు పెట్టు, రేకుకీ ఛాతీకీ మధ్య సందులో, మైకు మొహం రేకు వెనక్కి తిప్పి. రేకు నుంచి 5 సెంటీమీటర్లు అనుకో, గజ్జెల నుంచి 120. ఇరవైనాలుగు రెట్లు దూరం. దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెళ్ళు తగ్గుతుంది, ఆ లెక్కన గజ్జెలు 27 డెసిబెళ్ళకి పైగా వెనకబడతాయి. పక్కవాళ్ళ తప్పెట్లు కూడా అంతే, ఆ పద్నాలుగు మంది తడబాటు చాలావరకు దానంతట అదే పోతుంది. వీధిలో గోడల ప్రతిధ్వని ఉంటుంది గనక అచ్చంగా అంత రాకపోవచ్చు, సగం వచ్చినా చాలు.

అప్పుడు థ్రెషోల్డ్‌తో ఆడుకో. బాంక్~కి కింద హద్దు 2.5, పై హద్దు 5 మామూలుగా ఉంటాయి. పై హద్దు దాటితే దెబ్బ మొదలైనట్టు, తర్వాత కింద హద్దుకి దిగితే దెబ్బ పడ్డట్టు లెక్క.

#32 ప్రాణహిత_ఒడ్డు
మాస్టారు చెప్పింది బంగారం. నా బిళ్ళ గూడ డప్పు చట్రానికి లోపలి దిక్కు కట్టిన, గందుకే పనిచేసింది. అప్పుడు ఎందుకు పనిచేసిందో నాకే తెల్వదు.

#33 ఇచ్ఛాపురం_లోకల్
గురువుగారి గుండె చప్పుడుకి కూడా లైట్లు వెలిగితే మేం వచ్చి చూస్తాం.

#34 జముకుల_మనవరాలు
కాలర్ మైకు వైర్‌లెస్‌దైతే దానిమీద నాయిస్ క్యాన్సిల్ బటన్ ఉందేమో చూడు, ఉంటే ఆపు. 11లో సిల్కువీధి గారు చెప్పిన జబ్బే అక్కడా ఉంటుంది. పట్టీ కదలకుండా స్పాంజి ముక్క పెట్టు, లేకపోతే చొక్కా రాపిడే దెబ్బవుతుంది.

ఇంకోటి. గురువుగారు రెండు రకాలుగా కొడతారు కదా, అరచేత్తో ఒకటి, వేళ్ళతో ఒకటి. బాంక్~కి ఆ తేడా నేర్పొచ్చు. లెర్న్ 10 అని మెసేజ్ పంపి, ఒక రకం పదిసార్లు కొట్టించు, తర్వాత రెండో రకం పదిసార్లు. లెర్న్ 0 అంటే నేర్చుకోవడం ఆపుతుంది. ఆ తర్వాత కుడి ఔట్‌లెట్‌లో ఏ రకమో అంకె వస్తుంది. ఒకదానికి ఎరుపు, ఒకదానికి పసుపు. రైట్ (write, రాయి అని) మెసేజ్‌తో ఫైలుగా దాచుకో, లేకపోతే పండగ రోజు మళ్ళీ నేర్పాలి. నేను తాతగారి జముకు రికార్డింగుల మీద ఇదే చేసి చూశాను, కానీ జముకుకి తీగ బిగించేకొద్దీ స్వరం మారిపోతుంది, బాంక్~ తికమక పడింది. దానికి సిగ్మండ్~తో స్వరం పట్టుకోవాల్సి వచ్చింది. అది వేరే కథ.

#35 చర్చాపతి
ఆ వేరే కథకి వేరే దారం తెరవండి, చదవాలని ఉంది.

#36 పర్లా_పిల్లోడు
అక్కా, మాస్టారూ, కాలర్ మైకు పెట్టి చూశాం. గజ్జెలు పోయాయి. నిజంగా పోయాయి. గురువుగారికి మాత్రం మొదట నచ్చలేదు. రేకు వెనక స్పాంజి పెడితే నాదం చస్తుందన్నారు. స్పాంజి రేకుకి తగలకుండా చొక్కాకి కుట్టాం, ఒప్పుకున్నారు. పదేసి దెబ్బలు నేర్పడానికి మాత్రం ఓపిగ్గా కూర్చున్నారు, తొమ్మిదోది కాస్త తేడాగా పడిందని ఆయనే "మొదట్నుంచీ రాయి" అన్నారు.

ఇప్పుడు లైట్ల వైపు. కామ్‌పోర్ట్ నుంచి ఆర్డినోకి 300 ఎల్‌ఈడీల రంగులు పంపుతున్నా. బ్యాంగ్ టైముకే వస్తోంది, వెలుగు మాత్రం ఈడ్చుకుంటూ వస్తోంది.

#37 నల్లపెంగ్విన్
300 ఎల్‌ఈడీలు, ఒక్కోదానికి మూడు బైట్లు, 900 బైట్లు. 115200 వేగంలో సెకనుకి 11520 బైట్లు వెళ్తాయి. అంటే ఒక్క ఫ్రేముకే 78 మిల్లీసెకన్లు. మాస్టారు గాలిలో మిగిల్చిన 29 నువ్వు వైరులో తగలేస్తున్నావు. రంగులు పీడీ నుంచి పంపకు. ఒక్క బైటు పంపు, 1 అంటే ఎరుపు, 2 అంటే పసుపు. వెలిగి ఆరిపోయే ఆట అంతా ఆర్డినో లోపల రాయి. పట్టీకి 300 దీపాల సమాచారం తోయడానికి 9 మిల్లీసెకన్లే.

ఒక మెలిక: ఊనో లాంటి బోర్డులో పట్టీకి సమాచారం తోస్తున్నంతసేపూ ఇంటరప్టులు ఆగిపోతాయి, ఆ టైములో వచ్చిన సీరియల్ బైటు అదయ్యేదాకా ఆగాలి, ఒకటి రెండుకి మించి వస్తే పోవచ్చు. అప్పుడప్పుడూ వెలుగు కాస్త వెనకబడితే కారణం అదే కావచ్చు. ఆర్పడం అంచెలంచెలుగా కాకుండా తక్కువ మెట్లలో చెయ్, నష్టం తగ్గుతుంది.

#38 ఇచ్ఛాపురం_లోకల్
నా 2వ పోస్టుకి ఇంతవరకూ ఎవరూ జవాబివ్వలేదు. ఎగతాళి అనుకున్నారేటి. నీ పట్టీలో దీపాలు డబ్ల్యూఎస్2812 రకం అయితే తెల్లగా పూర్తిగా వెలిగితే ఒక్కోటి 60 మిల్లీయాంపులు దాకా తాగుతాది. 300కి 18 యాంపులు, 5 వోల్టుల దగ్గర. సెల్‌ఫోన్ ఛార్జర్ పెట్టావో ఆర్డినో పడుకుంటాది. ఒక చివర నుంచే కరెంటిస్తే రెండో చివర ఎర్రగా పాలిపోతాయి. మూడు చోట్ల సప్లై ఇవ్వు, గ్రౌండ్ (మైనస్) వైరు మాత్రం అన్నిటికీ ఒకటే ఉండాలి. తెలుపు వాడకు. నేను పదిహేనేళ్ళుగా పెళ్ళిపందిళ్ళు కడతన్నాను.

#39 సిల్కువీధి
లోకల్ గారు ఇన్నాళ్ళూ ఎలక్ట్రీషియనని చెప్పకుండా జోకులేశారా!

#40 ఇచ్ఛాపురం_లోకల్
అడగలేదుగా.

#41 పర్లా_పిల్లోడు
నిన్న రాత్రి అయిపోయింది. నిద్ర లేచి రాస్తున్నా.

ఒక్క బైటు పద్ధతితో వెలుగు దెబ్బకి అంటుకుపోయింది. ఎరుపు పసుపు కొన్నిసార్లు తారుమారయ్యాయి, ముఖ్యంగా గురువుగారికి చెమట పట్టి చెయ్యి జారినప్పుడు, ఎవరూ గమనించలేదు. సిల్కువీధి అన్న చెప్పిన టెంపో ముక్క కూడా కాస్త వాడా: ఆర్చీ అంచుల్లో నెమ్మదిగా పాకే నీలం రంగుకి. ఆబియోతో కాదు. మా బావమరిది స్పేస్ బార్ కొడుతూ కూర్చున్నాడు. వాడి టెంపో 72 నుంచి 144కి ఎగరదు, నిద్రొస్తే 60కి పడుతుంది అంతే.

తొమ్మిదింటికి కరెంటు పోయింది. లోకల్ గారూ మీ నోటిచలవ. జనరేటర్ ఎత్తుకునేదాకా చీకట్లోనే కొట్టారు, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంది గనక పీడీ నడుస్తూనే ఉంది. కరెంటొచ్చిన క్షణం సరిగ్గా దెబ్బ మీద ఆర్చీ అంతా ఎర్రగా లేచింది. వీధి అంతా కేక. అది నేను చేసింది కాదు, కానీ నేను చెప్పలేదు.

తర్వాత గురువుగారు ఒక పని చేశారు. జట్టుని ఆపి, ఆర్చీ వైపు తిరిగి చెయ్యి ఎత్తారు, రేకు దాకా తెచ్చి కొట్టకుండా ఆపేశారు. లైటు వెలగలేదు. మళ్ళీ ఎత్తారు, ఆపారు. వెలగలేదు. మూడోసారి వేలి కొసతో చిన్నగా మీటారు, ఒక్క పసుపు వెలుగు. ఆయన పకపకా నవ్వి, ఆ తర్వాత పావుగంట దాన్ని ఏడిపించడమే పని. ఎత్తడం, ఆపడం, పిల్లల చేత "ఇప్పుడు వెలుగుద్దా వెలగదా" అని అరిపించడం. పాటలో లేని ఆట అది. దిగుతూ మా నాన్నతో ఏమీ అనలేదు, నా దగ్గరికొచ్చి "వచ్చే ఏడు రెండో మనిషికి కూడా ఒక మైకు పెట్టు" అన్నారు.

#42 జముకుల_మనవరాలు
ఆ పావుగంట వీడియో ఉందా?

#43 పర్లా_పిల్లోడు
బావమరిది తీయాలి. వాడు స్పేస్ బార్ కొడుతున్నాడు.

#44 ప్రాణహిత_ఒడ్డు
తమ్మీ ప్యాచ్ పెట్టరాదు, నేను డప్పుకు పెడ్తా. నేర్పిన ఫైలు గూడ పెట్టు.

#45 పర్లా_పిల్లోడు
ప్యాచ్ పెడతా అన్నా. నేర్పిన ఫైలు మాత్రం మీకు పనికిరాదు, అది రేకు, మీది తోలు. పుల్ల దెబ్బ పది, చేతి దెబ్బ పది మళ్ళీ నేర్పండి. కొట్టేవాళ్ళకి ఓపికుండాలి.

#46 నల్లపెంగ్విన్
అన్నీ బాగున్నాయి. ఆ ఐ386 ఫోల్డర్ తీసేశావా?

#47 పర్లా_పిల్లోడు
ఇప్పుడే.